చర్చ: రేషన్ షాపులో తక్కువ సోడియం ఉప్పు ఇవ్వొచ్చా?

కావలి మాస్టారు: మన ఊళ్లలో అరవై దాటినవాళ్లలో బీపీ లేనివాళ్లను వెతుక్కోవాల్సి వస్తోంది. చైనాలో 600 పల్లెల్లో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. సగం ఊళ్లలో, అధ్యయనంలో చేరినవాళ్లకు సోడియం తగ్గించి ఆ మేరకు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇస్తే, వాళ్లలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. మనమూ రేషన్‌లో అదే ఇస్తే పోదా?

కనిగిరి ఏఎన్ఎమ్: మాస్టారూ, తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. మాకు అదే ముఖ్యం. కనిగిరి, పామూరు వైపు డయాలసిస్‌కు తిరిగేవాళ్లు ఎంతమందో మీకు తెలియంది కాదు. కిడ్నీ దెబ్బతిన్నా మొదట్లో ఏమీ తెలీదు, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. అలాంటివాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పి ప్రాణం మీదికొస్తుంది. చాలామంది బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని పెంచేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఈ ఉప్పును సిఫారసు చేస్తూనే, కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఇది వర్తించదంది. ఇంట్లో ఆరుగురికీ ఒకటే కూర. తాతకు పడని ఉప్పు ఆ కూరలో పడకుండా ఎట్టా చూస్తాం?

ముందు బీపీ మాత్రల సంగతి చూడాలి. మా వీధిలో ఒక అవ్వ ఆమ్లోడిపిన్ స్ట్రిప్పును కత్తెరతో ఒక్కో బిళ్లగా కత్తిరించి కొంగున ముడేసుకుంటుంది. తల తిరిగిన రోజే మింగుతుంది. ‘బాగానే ఉన్నా గదమ్మా, రోజూ ఎందుకు’ అంటుంది. 104 బండి వచ్చిన రోజు కూలికి పోయినవాళ్లకు ఆ నెల మాత్రల్లేనట్టే. పింఛను ఒకటో తేదీన గడప దగ్గరికే వస్తోంది. బిళ్లలూ ఆ రోజే రావాలి, బీపీ కూడా అప్పుడే చూడాలి.

అల్లూరు కుర్రాడు: అక్కా, బిళ్లలు అందేది బీపీ ఉందని తేలినవాళ్లకే గదా. మా నాయనకు పక్షవాతం వచ్చాకే బీపీ సంగతి తెలిసింది. ఉప్పు మారిస్తే తెలియనివాళ్లకూ మేలు.

కనిగిరి ఏఎన్ఎమ్: ఆ బాధ ఎట్టాంటిదో తెలుసు తమ్ముడూ. అందుకే పింఛను రోజున ఇంట్లో పెద్దలందరికీ బీపీ చూడమంటున్నా. ఉప్పు మార్చకపోయినా తగ్గించుకోవచ్చు. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి, అంటే చిన్న చెంచాడు. ఎండుచేపల పులుసులో మళ్లీ ఉప్పేసి, పక్కన ఊరమిరపకాయలు నంజుకుంటే అది ఒక్కపూటకే దాటిపోవచ్చు.

కావలి మాస్టారు: ఇంటిల్లిపాదికీ క్రియాటినిన్ పరీక్ష చేశాకే ఆ ఉప్పు ఇస్తే?

కనిగిరి ఏఎన్ఎమ్: అట్టాగైతే నాకు అభ్యంతరం లేదు. ఇబ్బంది ఉన్న ఇంటికి మామూలు ఉప్పే ఇవ్వాలి. పరీక్షలు కాకుండా మాత్రం మా కనిగిరి వైపు ఆ ఉప్పు పంపొద్దు.