బెంగళూరు మిద్దె మీద విత్తనాలతో అడవిపూలు: ఎప్పుడు చల్లాలి, ఎందుకు నిలవడం లేదు?

మిద్దె_పూలు (మారతహళ్ళి):
నమస్తే అండీ. మిద్దె మీద రోజంతా ఎండ ఉంటుంది, అడుగు లోతు గ్రోబ్యాగులు ఉన్నాయి. జూలైలో వైల్డ్‌ఫ్లవర్ మిక్స్ ప్యాకెట్ చల్లితే కాస్మోస్ ఒక్కటే నిలిచింది. లార్క్‌స్పర్ మొలవనే లేదు. పాపీ మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోయాయి. మట్టి సగం, వర్మీకంపోస్ట్ సగం కలిపాం. ఏం మార్చాలి?

ఎర్రమట్టి (జయనగర్):
ముందు ఆ మిక్స్ ప్యాకెట్లు మానేయండి. ఎండకు ఓర్చేవీ చలి కోరేవీ ఒకే సంచిలో కలిపి అమ్ముతారు. జూలైలో చల్లితే కాస్మోస్, జిన్నియా వారంలో లేచి మిగతావాటికి వెలుతురు అందనివ్వవు. ఏ రకానికి ఆ రకం విడిగా కొనండి.

కాస్మోస్, జిన్నియా, గైలార్డియా, కోరియాప్సిస్ జోరువానలు లేనప్పుడు ఎప్పుడు చల్లినా వస్తాయి. పాపీ, కాలిఫోర్నియా పాపీ, నైజెల్లా, లార్క్‌స్పర్ మాత్రం అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య లోపు చల్లాలి. మనకు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వాన ఎక్కువ, అంతకుముందే వేస్తే సన్నగింజ కొట్టుకుపోతుంది. డిసెంబరు దాటించారంటే మొగ్గ వేసేసరికి మార్చి ఎండలు వచ్చిపడతాయి.

లార్క్‌స్పర్ మొలవకపోవడానికి కారణం వేడి. మట్టి వేడి 18 డిగ్రీలు దాటితే మొలిచే గింజలు బాగా తగ్గిపోతాయి. గింజల్ని తడి టిష్యూలో చుట్టి డబ్బాలో పెట్టి, రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచండి (ఫ్రీజర్‌లో కాదు). తర్వాత అర సెంటీమీటరు లోతున వేసి మట్టి కప్పండి, దానికి చీకటి కావాలి.

పగటి పొడవు కూడా చూసుకోవాలి. మన ఊరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఏడాది పొడుగునా పగలు పదకొండు నుంచి పదమూడు గంటల లోపే. గులాబిరంగు కాస్మోస్‌కు చిన్న పగలు ఇష్టం, అందుకే ఇక్కడ పొట్టిగా ఉండగానే పూసేస్తుంది. కార్న్‌ఫ్లవర్‌కు పొడుగు పగలు కావాలి, ఇక్కడ చాలాకాలం నేలకంటుకున్న ఆకుల గుత్తిలాగే ఉండిపోతుంది. దాన్ని వదిలేయడమే మంచిది.

నారుమడి:
మొలక మొదలు దగ్గర మెత్తబడి పడిపోవడం నారుకుళ్ళు తెగులు. ఒత్తుగా చల్లడం, ఆరని తడి, గాలి ఆడకపోవడం, సరిగా మాగని ఎరువు దీనికి దారితీస్తాయి. సగం వర్మీకంపోస్ట్ చాలా ఎక్కువండీ. తడి వదలదు, పైగా బలం ఎక్కువైతే కాస్మోస్ లాంటివి ఆకు పెంచి పువ్వు తగ్గిస్తాయి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఒక పాలు, వర్మీకంపోస్ట్ అర పాలు చాలు. కోకోపీట్‌ను రెండుమూడుసార్లు కడిగి పిండితే ఉప్పు పోతుంది.

పాపీ గింజ ఒక వంతుకు పొడి ఇసుక పది వంతులు కలిపి, ముందే తడిపిన మట్టి మీద చల్లి, అరచేత్తో అదమండి. పైన మట్టి కప్పొద్దు. పైనుంచి నీళ్ళు పోయకుండా స్ప్రేతో మంచులా కొట్టండి, అదీ పొద్దునపూటే. వీటిది తల్లివేరు, పీకి నాటితే బతకవు, పూయాల్సిన సంచిలోనే వేయాలి. నాలుగు ఆకులు వచ్చాక 15 సెంటీమీటర్లకు ఒకటి ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. కుళ్ళు కనిపిస్తే ఆ మొలకల్ని మట్టితో సహా తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చుట్టూ తడపండి. ట్రైకోడెర్మా (తెగులు బూజును అణిచే మేలుచేసే బూజు) అయితే విత్తనం చల్లకముందే మట్టిలో కలపాలి. రెండూ ఒకేసారి వాడొద్దు, రాగిమందు ట్రైకోడెర్మానూ దెబ్బతీస్తుంది.

గింజల_డబ్బా (చెన్నై):
పాపీ విత్తనాలు కొనేటప్పుడు ప్యాకెట్ మీద పాపావర్ రియాస్ (తోటల్లో వేసే ఎర్ర పాపీ శాస్త్రీయ నామం) అని ఉందో లేదో చూడండి. వంటింటి గసగసాలు మాత్రం చల్లొద్దు. అవి నల్లమందు మొక్క గింజలు, లైసెన్సు లేకుండా ఆ మొక్క పెంచడం 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం ప్రకారం నేరం.

కాస్మోస్‌ను వరసల్లో వేయండి. వరస తప్పి మొలిచింది కలుపే, అందులో వయ్యారిభామ తప్పకుండా ఉంటుంది. కాస్మోస్ ఆకులు కాండానికి ఎదురెదురుగా, జతలుగా వస్తాయి. వయ్యారిభామ ఆకులు నూగుతో, చీలికలతో నేలకు అతుక్కుని గుత్తిగా మొదలవుతాయి. దాన్ని పూతకు ముందే గ్లౌజులు వేసుకుని పీకండి, చర్మానికి దురద పుట్టిస్తుంది.

మిద్దె_పూలు:
చాలా థాంక్స్ అండీ. ఇదే మట్టిలో బతుకమ్మకు గునుగు కూడా వేయొచ్చా?

ఎర్రమట్టి:
వేయొచ్చు, కానీ చలి పూలతో కలపొద్దు. గునుగు వానాకాలం మొక్క. జూన్ వానలు పడగానే పల్చగా చల్లి, పైన ఇసుక పలుచగా చిలకరిస్తే చాలు, ఎరువు అక్కర్లేదు. మొక్కకు మొక్కకు అడుగు దూరం ఉంచండి. వచ్చే ఏటికి గింజ కావాలంటే రెండు మూడు కంకులే ఎండనిచ్చి మిగతావి కోసేయండి, లేకపోతే పక్క సంచుల్లోనూ అదే మొలుస్తుంది.