ఈ వారం సమస్య: చక్రి పక్షము నోడించె సత్యభామ

తేటగీతి పద్యం చివరి పాదం ఇచ్చాను, అదే సమస్య. పై మూడు పాదాలు రాసి దానికి అర్థం కుదర్చడమే పూరణ, అది మీ వంతు. చ–స యతి (పాదం మొదటి అక్షరానికి, మధ్యలో నియమిత చోట వచ్చే అక్షరానికి పొత్తు) చెల్లుతుంది, దాని గురించి టెన్షన్ వద్దు. నరకుడి మీదికి కృష్ణుడితో కలిసి వెళ్లి విల్లు పట్టిన సత్యభామ ఆ కృష్ణుడి పక్షాన్నే ఓడించడమేమిటి? ఈ ముడి విప్పాలి.

ఒక షరతు ఉంది. పూరణలో సినీ నటి జమున గారు కనబడాలి. ఆవిడ 1936లో హంపిలో పుట్టి, గుంటూరు జిల్లా దుగ్గిరాలలో పెరిగారు. 1953లో ‘పుట్టిల్లు’తో తెర మీదికి వచ్చారు. 1957లో ‘వినాయక చవితి’లోనూ, 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’లోనూ ఎన్టీఆర్ కృష్ణుడైతే ఆవిడ సత్యభామ. 1989లో రాజమండ్రి నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు గెలిచారు. అటువైపు నిలిచింది ఆ కృష్ణుడు పెట్టిన పార్టీ! గోదావరి జిల్లాల వాళ్లకు ఇంతకన్నా సూచన అక్కర్లేదు.

మండపేట మాస్టారి పూరణ

తెరను గృష్ణుని దేవియై తేజరిల్లి
రాజమండ్రిలో హస్తంపు రథము నెక్కి
జనుల తీర్పున సైకిలు చతికిలబడ
చక్రి పక్షము నోడించె సత్యభామ

మాస్టారూ, మొదటి పూరణే గట్టిగా పడింది. చక్రి అంటే చక్రం పట్టినవాడు, చక్రాలున్న సైకిలు కూడా. రెండూ ఒకేసారి పలికించారు. ‘హస్తంపు రథము’ అనేసరికి గుర్తూ వచ్చింది, యుద్ధమూ వచ్చింది. నాకు మరీ నచ్చింది ‘జనుల తీర్పున’ అన్న మాట, ఎందుకో కింద చెబుతాను. ఒక్క లోపం. మూడో పాదంలో సైకిలు చతికిలబడ్డాక నాలుగో పాదంలో మళ్లీ ఓడించడం మిగలదు. గెలుపు కబురు ఒక పాదం ముందే బయటపడిపోయింది. సమస్యాపాదం వచ్చేదాకా ముడి బిగువుగా ఉండాలి కదా.

రాజోలు అక్కయ్య గారి పూరణ

నరకు డొకరాత్రి కలగనె నవ్వుకొనుచు
తల్లి తనవైపు నిలిచెను తనయు నెంచి
పోరు ముగిసెను ద్వారక పురము కూలె
చక్రి పక్షము నోడించె సత్యభామ

అక్కయ్య గారూ, ఛందస్సులో వేలు పెట్టడానికి చోటు లేదు. ఎటూ తోచనప్పుడు ‘కలగంటి’ అనేసి గట్టెక్కడం పూరణల్లో పాత అలవాటే, నాకది నచ్చదు. మీరు మాత్రం ఊరికే కలలోకి తోసెయ్యలేదు. సత్యభామ భూదేవి అంశ, నరకుడు భూదేవి కొడుకు. కన్నతల్లి తన పక్షాన నిలుస్తుందని వాడు కలగనడంలో న్యాయం ఉంది. నాకు ఆ దుర్మార్గుడి మీద ఒక్క క్షణం జాలి కూడా కలిగింది. కానీ షరతు తప్పింది, జమున గారు ఇందులో లేరు. పురాణం వరకు ఇదే అందరికన్నా మేలైన పూరణ, పోటీకి మాత్రం తీసుకోలేను.

ముక్తేశ్వరం తమ్ముడి పూరణ

(కోటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి, వేళ్ల మీద గణాలు లెక్కపెట్టుకుంటూ రాశాడట. మొదటి ప్రయత్నం అన్నాడు.)

దుగ్గిరాలలో బెరిగిన దుడుకు పిల్ల
గౌరి వేషాన గోదారి గాలి పీల్చి
ఢిల్లి మెట్లెక్కె నెన్నిక గెలిచి వచ్చి
చక్రి పక్షము నోడించె సత్యభామ

తమ్ముడూ, మొదటి పాదం చదవగానే మనిషి కళ్లముందు నిలబడింది. ‘దుడుకు పిల్ల’ అన్నావు చూడు, ఆ మాట సత్యభామకీ సరిపోతుంది, గౌరికీ సరిపోతుంది. 1964 ‘మూగ మనసులు’లో ఆ గౌరి వేషం లేకపోతే మన గోదావరి తెర మీద అంత చలాకీగా కనబడేది కాదని నా నమ్మకం. ఆ కథనే 1967లో హిందీలో ‘మిలన్’గా తీస్తే అక్కడా గౌరి వేషం ఆవిడదే, దానికి ఉత్తమ సహాయ నటిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. గౌరిని పద్యంలోకి తేవాలన్న ఆలోచన ఇంకెవరికీ రాలేదు.

ఇక మూడో పాదం. గణాలు సరిగ్గానే ఉన్నాయి, యతి తప్పింది. ‘ఢి’కి ‘గె’ కుదరదు. పైగా ఢిల్లీ మెట్లెక్కాక ఓడించడమంటే వరస తిరగబడుతుంది. ‘గెలిచి వచ్చి’ అలాగే ఉంచి, మొదటి సగం మార్చి చూడు:

కేలు జూపించి యెన్నిక గెలిచి వచ్చి

‘కే’కి ‘గె’ యతి కుదిరింది. కేలు అంటే చెయ్యి కాబట్టి పార్టీ గుర్తు కూడా దానంతట అదే వచ్చేసింది. యతి కోసం మాట వెతుకుతుంటే ఒక్కోసారి మనం అనుకున్నదానికన్నా మంచి అర్థం దొరుకుతుంది. ఛందస్సును సంకెళ్లనేవాళ్లతో నేను ఒప్పుకోనిది ఇందుకే. వదలకుండా రాస్తూ ఉండు.

ధవళేశ్వరం బాబాయి గారి అభ్యంతరం

“పద్యాలు బాగున్నాయి గానీ నాయనా, సినిమాలో కట్టిన వేషం చూసి జనం ఓటేశారన్నట్టు ఉంది ఈ సమస్య. గోదావరి జనం అంత అమాయకులా?”

మంచి ప్రశ్న బాబాయి గారూ. 1989లో ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాలుంటే కాంగ్రెస్‌కు 39 వచ్చాయి. ఎన్టీఆర్ అంతటివారు హిందూపురంలో గెలిచినా కల్వకుర్తిలో ఓడిపోయారు. అంత గాలి వీచిన ఏడాది జమున గారు ఒక్క వేషంతోనే నెగ్గారనడం జనానికి అవమానం, ఆవిడకీ గౌరవం కాదు. మాస్టారి ‘జనుల తీర్పున’ నాకు అంతగా నచ్చింది అందుకే. కృష్ణుడు, సత్యభామ పద్యానికి అలంకారాలు. తీర్పు ఇచ్చింది మాత్రం ఓటరు. ఆ ఓటరు కనబడని పూరణ ఎంత అందంగా ఉన్నా నాకు సగమే పూరించినట్టు అనిపిస్తుంది.

అయితే వేషానికీ మనిషికీ బొత్తిగా సంబంధం లేదని కూడా అనలేను. అక్కినేని, ఎన్టీఆర్ ఇద్దరూ కొన్నేళ్లు ఆవిడతో నటించడం మానేశారు. ఇద్దరు పెద్ద హీరోలు దూరం పెడితే ఏ హీరోయిన్‌కైనా ఇల్లు గడవడమే కష్టం. ఆవిడ మిగతావాళ్లతో సినిమాలు చేసుకుంటూ నిలబడ్డారు. 1962లో ‘గుండమ్మ కథ’తో ఆ దూరం పోయింది, అందులో ఇద్దరు హీరోలూ ఉన్నారు, ఆవిడా ఉన్నారు. ఆ పట్టుదల సంగతి ఒక్కరైనా పద్యంలో పెడతారేమోనని ఎదురుచూశాను. పెట్టారు!

తణుకు నుంచి వచ్చిన పూరణ

తలను వంచక నిలిచిన తరుణి యామె
నాటకమ్మున నేర్చిన నడకతోడ
జడను విసరుచు గోదారి జనుల గెలిచి
చక్రి పక్షము నోడించె సత్యభామ

అమ్మా, దీనికే నా ఓటు. ‘తలను వంచక’ అన్నది సత్యభామ స్వభావం, జమున గారి బతుకు కూడా. ‘నాటకమ్మున నేర్చిన నడక’ అన్నది ఊరికే అన్న మాట కాదు, ఆవిడ సినిమాకి నాటకాల నుంచే వచ్చారు. భామాకలాపంలో సత్యభామ జడకు ఎంత పెద్దపీట ఉందో తెలిసినవాళ్లకు మూడో పాదం ఇంకా రుచిస్తుంది. ఓడించడానికి ముందు ‘జనుల గెలిచి’ అన్నారు, బాబాయి గారి అభ్యంతరానికి జవాబు అక్కడే ఉంది. మాస్టారి పద్యంలోలా గెలుపు కబురు ముందే బయటపడలేదు కూడా. సరిచేయమని చెప్పడానికి నాకేమీ కనబడలేదు.

ఒక చిన్న ముచ్చట. హంపిలో పుట్టిన జమున గారిని రాజమండ్రి లోక్‌సభకు పంపింది. రాజమండ్రిలో పుట్టిన జయప్రద గారిని 2004లోనూ, 2009లోనూ ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పంపింది. దుగ్గిరాలలో జమున గారికి చిన్నప్పటి నుంచీ తెలిసిన జగ్గయ్య గారైతే వీళ్లందరికన్నా ముందు, 1967లోనే ఒంగోలు నుంచి లోక్‌సభలో అడుగుపెట్టారు. జయప్రద గారి మీదా, జగ్గయ్య గారి మీదా పూరణలు రావాలి.

ధవళేశ్వరం బాబాయి గారు మళ్లీ

“గెలుపు ఒక్కటే పాడితే ఎలా? 1991 సంగతి కూడా చెప్పాలిగా. నీ పాదం మార్చాను, ఏమీ అనుకోకు.”

తిరిగి యెన్నిక లరుదెంచె తీర్పు మారె
గౌతమీ తీర జనులదే గాదె గెలుపు
నిలిచి యోడుట వింతయె నేత కెపుడు
చక్రి పక్షమె గెలిచెను సత్య నపుడు

ఏమీ అనుకోను బాబాయి గారూ, ఇది రావాల్సిన పద్యమే. 1991 మధ్యంతర ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయారు, రాజమండ్రి తెలుగుదేశానికి దక్కింది. ఆ తర్వాత మళ్లీ చట్టసభకు వెళ్లలేదు. అభిమానులు ఆ మాట దాటేస్తుంటారు, మీరు దాటెయ్యలేదు. ‘సత్యభామ’ అని ఉంచేస్తే ఎవరు ఎవరిని ఓడించారో తేలేది కాదు. ‘సత్య నపుడు’ అని ద్వితీయా విభక్తి తెచ్చి ఆ చిక్కు తీర్చారు, చ–స యతి కూడా చెడలేదు. మూడో పాదంలో ‘వింతయె’ ప్రశ్న అని చదవగానే తట్టడం లేదు, అక్కడొక ప్రశ్నార్థకం పెట్టండి. సమస్యాపాదం మారింది కాబట్టి దీన్ని పోటీలో కలపను, తణుకు వారి పద్యం పక్కనే ఉంచుతాను. రెండూ కలిపి చదవండి.