వంద లైన్ల స్క్రిప్ట్‌కి ఆర్గ్యుమెంట్ల లైబ్రరీ కావాలా, వద్దా?

ఎనుమాముల_తమ్ముడు
అన్నలూ, ఒక పంచాయితీ తీర్చండి. మార్కెట్ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజ్‌కి నోడ్‌లో (జావాస్క్రిప్ట్ నడిపేది) చిన్న స్క్రిప్ట్ రాసిచ్చాను. లాట్ నంబర్, తేదీ ఇస్తే ఎన్ని బస్తాలు ఉన్నాయో, ఎన్ని బయటికి పోయాయో చిట్టీ తీస్తుంది. పాత చిట్టీలు తుడిచే ఆప్షన్ కూడా ఉంది. ఆర్గ్యుమెంట్లు, అంటే కమాండ్ వెనక కొట్టే మాటలు, చదవడానికి మినిమిస్ట్ అనే లైబ్రరీ పెట్టాను. నిన్న వాళ్లు లాట్ 0417 అని కొడితే "లాట్ 417 లేదు" అంది. లైబ్రరీ పీకెయ్, నోడ్ తనే ఇచ్చే మాటల లిస్టు ప్రాసెస్ డాట్ ఆర్గ్‌వీ చాలు అంటున్నాడు మా సీనియర్. నిజమేనా?

పాత_టెర్మినల్
నిజమే. ఆర్గ్‌వీలో మొదటి రెండూ నోడ్ ఎక్కడుందో, స్క్రిప్ట్ ఎక్కడుందో చెప్తాయి. మూడో దాని నుంచి నువ్వు కొట్టిందే, అక్షరం మారకుండా వస్తుంది. 0417 కొడితే 0417. మినిమిస్ట్ అట్లా కాదు, అంకెలా కనబడిందల్లా అంకె చేసిపెడుతుంది. అడగని పెత్తనం దానికెందుకు? రెండు ఆర్గ్యుమెంట్లకు లైబ్రరీ అంటే పక్కింటికి పోవడానికి ఆటో మాట్లాడుకున్నట్టు.

కాజీపేట_జంక్షన్
మినిమిస్ట్‌లో స్ట్రింగ్ (అక్షరాలుగానే ఉంచు అని) అనే ఆప్షన్‌లో లాట్ పేరు రాస్తే సున్నా ఎక్కడికీ పోదు. డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, తమ్ముడు చదవలేదు, అంతే.

ఇక ఆర్గ్‌వీ అన్నకు ఒక ప్రశ్న. అందులో ఏది ఏదో వరసను బట్టే కదా, తేదీ ముందు కొట్టి లాట్ తర్వాత కొడితే ఏమవుతుంది? నేను హన్మకొండలో ఒక ఆఫీసులో చేసేటప్పుడు బ్యాకప్ స్క్రిప్ట్ ఒకటి ఉండేది. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రెండు ఫోల్డర్లు వరసగా ఇవ్వాలి. ఒకాయన తారుమారు చేశాడు. అది మిర్రర్ కాపీ, ఖాళీ ఫోల్డర్‌ని చూసి నిండు ఫోల్డర్‌ని కూడా ఖాళీ చేసింది. మూడు నెలల బిల్లులు. రెండు రాత్రులు కూర్చుని కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాం. ఆ స్క్రిప్ట్ రాసినాయన అప్పటికే ఉద్యోగం మారాడు.

భద్రకాళి_బండ్
నోడ్ 18.3 నుంచి దానితోనే వచ్చే యుటిల్‌లో, ఇదే పని చేసే పార్స్‌ఆర్గ్స్ అనే ఫంక్షన్ ఉంది. బయటి లైబ్రరీ అక్కర్లేదు, అంకెల మార్పిడి లేదు, తెలియని ఆప్షన్ ఇస్తే ఎర్రర్ కొట్టి ఆగుతుంది. లొల్లి ఖతం.

ఎనుమాముల_తమ్ముడు
అక్కడ విండోస్ 7 అన్నా. నోడ్ 13 దాటి ఎక్కదు. కొత్త కంప్యూటర్ అడిగితే సీజన్ అయ్యాక చూద్దామంటారు ఓనర్.

పాత_టెర్మినల్
జంక్షన్ గారూ, మీ బ్యాకప్ కథలో పాపం మిర్రర్ కాపీది. నేను సున్నా గురించి మాట్లాడుతుంటే మీరు ఫోల్డర్ల దగ్గరికి పోయారు. లాట్ నంబర్ అంకె కాదు, పేరు. రైతు చేతిలో బాండ్ మీద 0417 అని ఉంటే కంప్యూటర్‌లో కూడా అదే ఉండాలి.

ఇంకోటి. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని రాసినాయన తీసేసుకుంటే ఎక్కడెక్కడి ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. మీ మినిమిస్ట్‌లోనే 2020లో ప్రోటోటైప్ పొల్యూషన్ (ఇన్‌పుట్‌తోనే ప్రోగ్రామ్ లోపలి సంగతులు మార్చేయగల) లోపం బయటపడింది. తేలిక లైబ్రరీ అంటారు గానీ, దాని వెనక పడాల్సిన పని తేలిక కాదు.

కాజీపేట_జంక్షన్
లెఫ్ట్‌ప్యాడ్ పేరు రాని చర్చ ఉండదనుకుంటా. మినిమిస్ట్‌కి డిపెండెన్సీలు, అంటే అది ఆధారపడే వేరే ప్యాకేజీలు, సున్నా (మీకిష్టమైన సున్నానే). ఎంఐటీ లైసెన్స్, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. ఉన్నది ఒక్క ఫైలు, తెచ్చి పక్కన పెట్టుకో, ఎవరు తీసేసుకుంటారు? ఇక పొల్యూషన్ అంటారా, బయటివాళ్లు ఇన్‌పుట్ పంపే చోట అది భయం. కోల్డ్ స్టోరేజ్‌లో కీబోర్డ్ ముందు ఉండేది ఒక్క మనిషి.

పైథాన్_పంతులు
పైథాన్‌లో రాస్తే ఈ గొడవే లేదు. ఆర్గ్యుమెంట్లు చదివే ఆర్గ్‌పార్స్ 2.7 నుంచి భాషతోనే వస్తుంది.

పాత_టెర్మినల్
అదేం తక్కువ తిన్నదా పంతులూ? టైప్ దగ్గర బూల్ (ట్రూనా, ఫాల్సా) అని రాసి, ఫాల్స్ అని కొట్టి చూడు. ట్రూ అంటుంది. ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా దానికి ట్రూయే. ఇంకా, డిలీట్ అని పూర్తిగా కొట్టకుండా డెల్ అని ఆపేసినా, ఆ అక్షరాలతో మొదలయ్యే ఆప్షన్ వేరేది లేకపోతే, డిలీటే అనుకుంటుంది. మనమే వెతికి ఆ అలవాటు మాన్పించాలి.

కాజీపేట_జంక్షన్
అన్ని లైబ్రరీలూ తప్పే, మీరొక్కరే కరెక్ట్. పదేళ్లుగా చూస్తున్నా మీలాంటి వాళ్లను. నాలుగు లైన్లలో రాసి, సింపుల్ అని మురిసిపోయి, ఆర్నెల్లకు హైదరాబాద్ పోతారు. మిగిలిపోయేది మేము. మూడోది తేదీనా, నాలుగోది తేదీనా అని కోడ్ తెరిచి వెతుక్కునేది మేము.

పాత_టెర్మినల్
ఎక్కడికీ పోలేదు. మడికొండలోనే ఉన్నా. ఉద్యోగం మానేసి నాలుగేళ్లయినా ఆదివారం రాత్రి ఫోన్ వస్తుంది, "సార్, ఇన్‌స్టాల్ కావట్లేదు" అని. నేను పెట్టిన ప్రతి ప్యాకేజీ ఒక ఫోన్ కాల్. జీతం ఇచ్చేవాళ్లు లేరు, ఎత్తకపోతే అవతల మనిషి ఇబ్బంది పడతాడు. అందుకే వద్దంటున్నా. మీరేమో సోకు అనుకుంటున్నారు.

చిట్టీల_అక్క
అన్నా, ఆ ఫోన్ చేసేది మేమే. నేను వేరే స్టోరేజ్‌లో ఇట్లాంటి కమాండ్లు కొట్టే పని చేస్తాను. మానిటర్ అంచుకు కాగితం అంటించి ఉంటుంది, అది చూసి కొడతాను. అవతల లారీవాడు హారన్ కొడుతుంటాడు, హమాలీలు చిట్టీ కోసం నిలబడి ఉంటారు. తుడిచే ముందు ఉత్తగా చూపించే "ట్రయల్" ఆప్షన్ మా దాంట్లో ఉంది. ఒకరోజు ఆ మాటలో ఒక అక్షరం తప్పు పోయింది. తప్పు అని అనలేదు. నిజంగానే తుడిచేసింది. తిట్లు నాకు పడ్డాయి. అందులో లైబ్రరీ ఉందో లేదో నాకు తెలియదు.

ఎనుమాముల_తమ్ముడు
అక్కా, ఇప్పుడే నా దాంట్లో కావాలని తప్పు కొట్టి చూశాను. అదే జరిగింది. పేరు తెలియని ఆప్షన్‌ని మినిమిస్ట్ కిక్కురుమనకుండా లోపల వేసుకుంది. టెస్ట్ ఫోల్డర్ కాబట్టి బతికిపోయా.

కాజీపేట_జంక్షన్
అన్‌నోన్ అనే ఫంక్షన్ ఇవ్వొచ్చు, తెలియనిది రాగానే అక్కడే ఆపు. అయినా ఇది నేను ముందే చెప్పాల్సింది. ఫ్లాగులుంటే, అంటే వరసతో పని లేకుండా పేరు పెట్టి ఇస్తే, చాలనుకున్నా.

పాత_టెర్మినల్
తుడిచే పని అసలు ఆ స్క్రిప్ట్‌లో ఎందుకు? వేరే స్క్రిప్ట్ చెయ్. అదీ ఊరికే కొడితే చూపించాలి, ప్రత్యేకంగా అడిగితేనే తుడవాలి.

ఎనుమాముల_తమ్ముడు
రెండూ చేశాను. లాట్‌ని స్ట్రింగ్ అని కూడా రాశాను. మినిమిస్ట్ ఫైలు ఫోల్డర్‌లోనే పెట్టాను, ఇన్‌స్టాల్ లేదు. ఎర్రర్ తెలుగులో పెడదామంటే ఆ నల్ల విండోలో అక్షరాలన్నీ డబ్బాలు వస్తున్నాయి. ఇంగ్లీష్ అక్షరాల్లోనే తెలుగు రాశాను: "ఈ ఆప్షన్ చెల్లదు. సరిచూసి మళ్లీ ప్రయత్నించండి."

చిట్టీల_అక్క
"ఈ ఆప్షన్" అంటే ఏది? నేను కొట్టిన మాట అక్కడ చూపించు తమ్మీ. ఇంకా, ఏమీ తుడవలేదు అని కూడా రాయి. ముందు మాకు అదే టెన్షన్.

పాత_టెర్మినల్
ఆర్గ్‌వీ అయితే స్ట్రింగ్ అని వేరే రాసే పనే లేదు. చెప్పా కదా.