అప్‌డేట్: వెనీస్ దిమ్మ చెప్పులు టర్కీ నుంచే వచ్చాయా?

వెనీస్ సంపన్న స్త్రీలు 15, 16 శతాబ్దాలలో తొడిగిన ఎత్తైన దిమ్మ చెప్పులైన చోపీన్‌లకు, టర్కీ సామూహిక స్నానశాలలైన హమామ్‌లలో వాడే నాలిన్ చెక్క పాదరక్షలే మూలమా అని ఇదివరకు అడిగాను. మీ సమాధానాలు చదివి, రెండింటి ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాక, సంబంధం మనం అనుకున్నంత సూటిగా లేదని నా అభిప్రాయం.

నాలిన్ అడుగున రెండు చెక్క పలకలు అడ్డంగా నిలిచి, తడి రాతినేలకు పాదం తగలకుండా చూస్తాయి. పైన పొదిగిన ముత్యపుచిప్ప మాత్రం కేవలం దర్పం కోసమే. చోపీన్ తోలో పట్టుబట్టో తొడిగిన దిమ్మ. దానిపై గౌను జారి నేలను తాకేది. కొన్ని జతలు దాదాపు అర మీటరు ఎత్తుండేవి కనుక, పక్కన పరిచారికల ఆసరా లేనిదే ఆ ఇల్లాలు అడుగు వేయడం గగనమే.

పైగా స్పెయిన్‌లోనూ ఇలాంటివి కార్క్ బెరడుతో చేసేవారు, అందువల్ల ఒక్క టర్కీకే ఘనత కట్టబెట్టలేం. నాటి టర్కీని ఏలిన ఆటోమన్ల వర్తకం ఆ మోజును పెంచి ఉండవచ్చు, అంతే. నాలిన్ యూరపు మూలాల స్త్రీల పాదాలకు స్పష్టంగా కనిపించేది 18వ శతాబ్దంలో, అదీ ఇస్తాంబుల్‌లో కొన్నేళ్లు గడిపిన స్విస్ చిత్రకారుడు లియోతార్ బొమ్మల్లో.