ఇంట్లో కట్టిన ప్లైవుడ్ మోటార్ బోటు: పెయింట్ ఎంతకీ ఆరడం లేదు, సలహా కావాలి

గ్యారేజీ పడవ:
అందరికీ నమస్తే. మేముండేది మిన్నెసోటాలో. పోయిన జూన్ నుంచి గ్యారేజీలో 14 అడుగుల పడవ కడుతున్నాను. అడుగు చదునుగా ఉండే రకం, వెనక మోటార్ బిగించే చెక్క దగ్గర వెడల్పు నాలుగున్నర అడుగులు. ప్లైవుడ్ ముక్కలు కోసి, అంచుల్లో చిన్న బెజ్జాలు పెట్టి, రాగి తీగతో కుట్టి, మూలల్లో హార్డనర్ కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగురు ముద్ద పట్టించి, పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ అతికించే పద్ధతి. ప్లై ఏమో ఓకూమే అనే తేలిక చెక్కది, పడవల ప్లైవుడ్‌కి వేసే బీఎస్ 1088 నాణ్యత ముద్ర ఉంది. తీగ ముళ్ళు సగం మా తొమ్మిదేళ్ళ అమ్మాయే వేసింది, అందుకే ఈ పడవ పాడవకూడదని నా ఆత్రం.

చెక్కపని బాగానే వచ్చింది, తంటా అంతా పెయింట్ దగ్గరే. ఫిబ్రవరిలో బయట మైనస్ 15 డిగ్రీలున్నప్పుడు, లోపల ప్రొపేన్ హీటర్ పెట్టుకుని చివరి ఎపాక్సీ కోటు వేశాను. రెండు రోజులకి గట్టిపడింది. సాండ్ పేపర్ కొట్టి, థిన్నర్‌తో తుడిచి, మామూలు ఎనామిల్ వేశాను. పది రోజులైనా వేలు పెడితే ముద్ర పడుతోంది, కొన్నిచోట్ల గోటితో గీకితే పొరలా లేచి వచ్చేస్తోంది.

ఇంకో రెండు సంగతులు. చేత్తో తిప్పే హ్యాండిల్ ఉన్న 25 హెచ్‌పీ మోటార్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, పెట్టొచ్చా? మా తాతయ్య వాళ్ళది కాకినాడ వైపు. కొత్త పడవని కొన్ని రోజులు నీళ్ళలో నానబెడితే చెక్క ఉబ్బి కారడం ఆగుతుందనేవారు. నేనూ అలా చేయాలా? మే రెండో వారంలో చేపల సీజన్ మొదలయ్యేలోపు నీళ్ళలో దింపాలని ఉంది.

చెక్కా జిగురూ:
తమ్ముడూ, నేను మిషిగన్‌లో ఇదే పద్ధతిలో రెండు కట్టాను, మొదటి దానికి అచ్చం ఇదే జరిగింది. తప్పు పెయింట్‌ది కాదు, ఆ హీటర్‌ది. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకి పైగా నీరు ఆవిరై గదిలోకే వస్తుంది, దాంతోపాటు మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్. పొగగొట్టం లేని హీటర్ అయితే అదంతా నీ పడవ మీదే కూర్చుంటుంది. ఎపాక్సీ గట్టిపడేలోపు అందులోని హార్డనర్ ఈ రెండింటితో కలిసి పైన సన్నటి మైనం లాంటి పొర కడుతుంది. కంటికి సరిగా కనపడదు, తడి వేలితో రాస్తే సబ్బులా జారుతుంది. అది థిన్నర్‌కి సరిగా పోదు, నీళ్ళకి పోతుంది. కడగకుండా సాండ్ పేపర్ కొడితే ఆ మైనాన్ని గీతల్లోకి ఇంకా రుద్దినట్టే.

ఇప్పుడు ఎనామిల్ మొత్తం గీకెయ్, మధ్యలో ఆగొద్దు. తర్వాత గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే పచ్చ పీచు తీసుకుని రెండడుగుల మేర తోముకుంటూ రా. ఆ నీళ్ళు అక్కడే ఆరనీయకుండా వెంటనే పొడి తువ్వాలుతో తుడువు, బకెట్‌లో నీళ్ళు మారుస్తూ ఉండు. పైన పోసిన నీళ్ళు చుక్కలుగా విడిపోకుండా పల్చగా పరుచుకుంటే శుభ్రమైనట్టు. అప్పుడు 80 నంబర్ పేపర్‌తో మెరుపు పూర్తిగా పోయేదాకా కొట్టు, ఆ మీద రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్. మామూలు ఎనామిల్ కొన్నిసార్లు శుభ్రమైన ఎపాక్సీ మీద కూడా ఆరదు. అందుకే ప్రైమర్ వేసినా సరే, ముందు జానెడు మేర వేసి రెండు రోజులు చూడు. రెండు డబ్బాల పాలీయురేథేన్ అయితే ఆ బెంగ ఉండదు, కాకపోతే దాన్ని స్ప్రే చేయొద్దు, రోలర్‌తోనే వెయ్, ఆవిరికి పనికొచ్చే మాస్క్ పెట్టుకో. ముదురు రంగు జోలికి పోకు, ఎండకి ప్లై బాగా వేడెక్కి లోపలి గుడ్డ నేత పైకి తేలుతుంది. వెనక చెక్క రంగు కనపడాలంటే యూవీని ఆపే వార్నిష్ ఆరు కోట్లైనా పడాలి, ఎపాక్సీ ఒక్కటే ఎండకి నిలవదు.

ఇక ఆ ప్రొపేన్ హీటర్ వద్దు, కరెంట్ హీటర్ పెట్టుకో. మూసిన గ్యారేజీలో అది పడవకే కాదు నీ ప్రాణానికీ ప్రమాదం.

తాళ్ళరేవు గాలి:
బాబూ, మీ తాతగారు చెప్పింది నిజమే, కానీ అది పలకల పడవకి. మా నాన్నగారు తాళ్ళరేవులో పడవలు కట్టేవారు. పలకకీ పలకకీ మధ్య సందులో దూది కొట్టి, గుగ్గిలం నూనె పట్టించి నీళ్ళలో దింపితే రెండు రోజులు కారి, చెక్క ఉబ్బాక దానంతటదే ఆగిపోయేది. ఎండలో వదిలేస్తే మళ్ళీ సందులు విడేవి, అందుకని దాన్ని తడిగానే ఉంచేవాళ్ళం. మీది దానికి పూర్తిగా ఎదురు. ప్లైకి ఎపాక్సీ తొడుగు వేశారంటే లోపలికి చుక్క వెళ్ళకూడదు, వెళ్ళిందా మళ్ళీ బయటికి రాదు, లోలోపలే కుళ్ళబెడుతుంది. నానబెట్టకండి. వాన నీళ్ళు కూడా నిలవనీయకండి, ఇంటి దగ్గర ముక్కు వైపు ఎత్తుపెట్టి ఉంచండి.

చెక్కా జిగురూ:
పెద్దాయన చెప్పిన ఆ చుక్క లోపలికి పోయేది స్క్రూ బెజ్జాల గుండానే. నేను మొదటి పడవలో మోటార్ బోల్టులకి నేరుగా బెజ్జాలు వేసి సీలెంట్ పూసి ఊరుకున్నాను. మూడో ఏడు బోల్టు తీస్తే లోపలి ప్లై నల్లగా, తడిసిన కాగితంలా వేలికి వచ్చేసింది. వెనక చెక్క మొత్తం కోసి మళ్ళీ కట్టాల్సి వచ్చింది.

3/8 అంగుళం బోల్టుకి 5/8 అంగుళం బెజ్జం వెయ్. వెనక టేప్ అంటించి, ముందు పల్చటి ఎపాక్సీతో లోపలి గోడ తడిపి, సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీ నింపు. గట్టిపడ్డాక దాని నడిమధ్యన బోల్టు బెజ్జం వెయ్. అప్పుడు బోల్టు చుట్టూ చెక్క ఉండదు, ఎపాక్సీ గొట్టమే ఉంటుంది. నీళ్ళు వదిలే బెజ్జానికీ, ట్రైలర్ కొక్కేలకీ, చివరికి కప్పులు పెట్టుకునే స్టాండు స్క్రూలకీ ఇదే పని. విసుగొస్తుంది, కానీ ఒక్కటి కూడా వదలకు.

మోటార్ సంగతి. అమ్మే బోట్లకి కోస్ట్ గార్డ్ పెట్టిన లెక్క ఉంది, నువ్వూ అదే చూసుకో. పొడవుని వెనక వెడల్పుతో గుణిస్తే నీకు 63. చదును అడుగు, చేతి హ్యాండిల్ అయితే అందులో సగం చేసి 15 తీసేయాలి, 16.5 వస్తుంది. పై ఐదుకి సర్దినా 20 దాటదు. 25 వదిలేయ్. బరువంతా వెనక పడుతుంది, పాప ముందు కూర్చుంటుంది కదా, నా మాట విని 15 తీసుకో. నీళ్ళు నిండినా మునగకుండా సీట్ల కింద ఫోమ్ పెట్టడం మర్చిపోకు. సొంతంగా కట్టిన బోటుకి హల్ నంబర్, అంటే పడవ గుర్తింపు నంబర్, మీ రాష్ట్ర సహజ వనరుల శాఖ (డీఎన్ఆర్) వాళ్ళే ఇస్తారు, ఇప్పుడే అప్లై చెయ్.

గ్యారేజీ పడవ:
అన్నా, చాలా థాంక్స్. పెద్దాయన గారూ, మీకు నమస్కారం. పొద్దున ఒక మూల గీకి తడి వేలితో రాశాను, నిజంగానే సబ్బులా జారింది. పచ్చ పీచుతో మూడుసార్లు కడిగాక నీళ్ళు అద్దంలా పరుచుకున్నాయి. శని, ఆదివారాలు మొత్తం గీకుడే. 25 వాడికి వద్దని మెసేజ్ పెట్టేశాను. బెజ్జాలు లెక్కపెట్టమని అమ్మాయికి చెబితే చాక్‌పీస్‌తో ఒక్కోదాని చుట్టూ సున్నా చుట్టి 38 తేల్చింది.