పాపను ఒక పూట అప్పగించాలంటే కాగితం మీద ఏం రాయాలి?

ప్రశ్న: పాపకు మూర్ఛ ఉంది, ఆహారం పొట్టకు పెట్టిన ట్యూబులోనే. పిన్ని ఒక పూట చూసుకుంటానన్నారు. ఏమేం రాసివ్వాలండీ?

జవాబు 1: ఒక్క పేజీ దాటనివ్వకండి. మోతాదు మిల్లీగ్రాముల్లోనూ, మిల్లీలీటర్లలోనూ రాయండి. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. కొత్త సీసా గాఢత వేరైతే అదే 5 మి.లీ.లో మందు రెట్టింపు పడొచ్చు. సీసా మారితే కాగితమూ మార్చి తేదీ వేయండి.

జవాబు 2: మూర్ఛ వస్తే ముందు గడియారం చూడమనండి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదు (చెంచా కూడా). 5 నిమిషాలు దాటితే అంబులెన్స్. డాక్టరు వేరే గడువు చెప్పి ఉంటే అదే రాయండి.

జవాబు 3: ట్యూబు ఊడితే రంధ్రం కొన్ని గంటల్లోనే పూడుకుపోవచ్చు. ట్యూబు సైజు, ఆస్పత్రి నంబరు పైనే ఉండాలి. కాగితం ఒక్కటే చాలదు, మీ ఎదుటే ఆవిడ చేత ఒకసారి ఫీడ్ పెట్టించండి.