పీజీ పిల్లలకు ఎస్‌పీఎస్‌ఎస్ మెనూలు చాలవా? ఆర్ కమాండ్లు నేర్పాల్సిందేనా?

ల్యాబ్_మేడమ్:
మెడికల్ పీజీలకు బయోస్టాట్ (వైద్య పరిశోధనల గణాంకాలు) చెప్తాను. ఇన్నాళ్లూ మెనూలు నొక్కి లెక్కలు తీసే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌తోనే నడిచింది. ఈ ఏడాది నుంచి కమాండ్లు రాసి లెక్కలు తీసే ఆర్ నేర్పమంటున్నారు. నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలి, ఒక్క కామా మర్చిపోతే ఎర్ర అక్షరాల్లో ఎర్రర్. మెనూలో కై-స్క్వేర్ పరీక్షకి నాలుగు క్లిక్కులు చాలు. నైట్ డ్యూటీ చేసి వచ్చే పిల్లలకు ఇదంతా అవసరమా?

ఉత్తి_చదువరి:
ఆర్ తెర తెల్లగానే ఉంటుందండీ.

గిరి_లెక్కలు:
నాలుగు క్లిక్కులే మేడమ్, కానీ ఏ నాలుగు? ఒక పేపర్‌కి రివ్యూయర్ 60 ఏళ్లు దాటినవాళ్లను తీసేసి మళ్లీ చెయ్యమన్నాడు. మొదట చేసిన ఫ్రెండ్ అప్పటికే దుబాయ్‌లో ఉన్నాడు. డేటాలో 212 మంది, టేబుల్లో 187. మిగతా పాతికమంది ఏమయ్యారో తేలడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇంకేదో టేబుల్ కోసం కొందరినే ఎంచుకునే 'సెలెక్ట్ కేసెస్' మెనూలో పెట్టిన ఫిల్టర్ తియ్యడం మర్చిపోయాడు! కింద మూలన చిన్నగా 'ఫిల్టర్ ఆన్' అని ఉంటుంది. ఎవరు చూస్తారు?

ల్యాబ్_మేడమ్:
ఓకే బదులు పేస్ట్ నొక్కితే సింటాక్స్, అంటే ఆ క్లిక్కుల కమాండ్లు, మొత్తం వస్తుంది కదా. మీ ఫ్రెండ్ నొక్కలేదు. తప్పు మెనూదా?

గిరి_లెక్కలు:
మీ క్లాసులో ఎంతమంది నొక్కుతారు?

థర్డ్ఇయర్_పీజీ:
ఆ బటన్ ఉందని నాకు ఇప్పుడే తెలిసింది మేడమ్ 🙈

విశాఖ_అన్న:
స్టాటా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఈ గొడవ లేదు. మెనూలో చేసినా కమాండ్ కూడా కనిపిస్తుంది.

గిరి_లెక్కలు:
ఆర్థికవేత్తలు రీన్‌హార్ట్, రోగాఫ్ దేశాల అప్పుల మీద 2010లో రాసిన పేపర్ గుర్తుందా? ఎక్సెల్‌లో సగటు తీసేటప్పుడు అయిదు దేశాల వరుసలు వదిలేశారు. 2013లో ఒక స్టూడెంట్ పట్టుకున్నాడు.

ల్యాబ్_మేడమ్:
అది ఎక్సెల్. అడిగితే ఫైలు ఇచ్చారు కాబట్టే దొరికింది. మీ ఆర్ సంగతి చెప్పనా? వయసు కాలమ్‌లో ఒక్కచోట 'తెలీదు' అని ఉంటే చాలు, పాత వెర్షన్లలో కాలమంతా ఫ్యాక్టర్ (వయసుల బదులు నంబర్లిచ్చిన వర్గాలు) అయిపోయేది. దాన్ని యాజ్ న్యూమరిక్ కమాండ్‌తో అంకెలుగా మారిస్తే 45 ఏళ్లాయనకు వర్గం నంబరు 12 వచ్చేది. ఎర్ర అక్షరం ఒక్కటీ రాదు. ఆ డిఫాల్ట్ మార్చింది 2020లో, 4.0 వచ్చాకే.

గిరి_లెక్కలు:
స్క్రిప్ట్ (రాసిపెట్టిన కమాండ్లు) ఉంటే అది ఏ లైన్లో జరిగిందో చూపించొచ్చు. నేను అంటున్నదే అది!

ల్యాబ్_మేడమ్:
మీరు థీసిస్‌కి ఇంతని తీసుకుని అనాలిసిస్ చేసిపెడతారని ఇక్కడ అందరికీ తెలుసు. ఆర్ పెడితే గిరాకీ పెరుగుతుందనే కదా?

గిరి_లెక్కలు:
తీసుకుంటాను, దాచేదేముంది? మెనూలు అంత తేలికైతే మీ పిల్లలు నా దగ్గరికెందుకు వస్తున్నారు? ఫలితం గట్టిదనిపించుకోవడానికి p విలువ 0.05 లోపలికి రావాలి సార్ అంటారు. వాళ్ల డేటా ఫైలు వాళ్లు తెరిచి కూడా ఉండరు.

ల్యాబ్_మేడమ్:
నా బాధా అదే. పిల్లాడు తన డేటా తనే తెరిచి ఒక టేబుల్ తీస్తే నాకు చాలు. కమాండ్లంటే ఆ కాస్తా మానేసి మీకు అప్పజెప్తాడు.

గిరి_లెక్కలు:
తనే తియ్యాలి, ఒప్పుకుంటా. తీసింది రెండేళ్ల తర్వాత ఇంకొకరు తీసినా అదే రావాలి. అది లేకపోతే వాడు తీసినా ఒకటే, నేను తీసినా ఒకటే.

థర్డ్ఇయర్_పీజీ:
జమోవి అనే సాఫ్ట్‌వేర్ వాడొచ్చు కదా? ఉచితం. మెనూలుంటాయి, సింటాక్స్ మోడ్ పెడితే ఆర్ కోడ్ కూడా చూపిస్తుంది.

ల్యాబ్_మేడమ్:
అరె, ఇది బాగుందే.

గిరి_లెక్కలు:
ఆ మోడ్ మనం ఆన్ చేస్తేనే వస్తుంది. మళ్లీ పేస్ట్ బటన్ కథే.